కల్లం మీద కెమెరా

జూన్ రెండో వారంలో, పొద్దున పదకొండు గంటలకు ఆ ఊళ్ళో దిగాం. మాచర్ల నుంచి జీపులో వచ్చాం. వెల్దుర్తి దాటాక తారు రోడ్డు కొంత దూరం ఉంటుంది, తర్వాత కంకర. రెండు పక్కలా నాపరాళ్ళు నిలువుగా పాతిన కంచెలు. చేలు దున్ని వదిలేసి ఉన్నాయి. గాలి లేదు. జీపు ఆగాక లేచిన దుమ్ము చాలాసేపు అక్కడే నిలబడింది.

ఊరి పేరు రాయను. అక్కడ మనుషులు కాపురాలు చేసుకుంటున్నారు.

నేను సైన్యంలో సిగ్నల్స్‌లో పనిచేసి హవల్దారుగా దిగిపోయాను. కొండల మీద ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకు మాటను, బొమ్మను చేరవేసే వైర్‌లెస్ లింకులు నిలబెట్టడం నా పని. నేనుండే నరసరావుపేటలో నన్ను పలకరించేవాళ్ళు ఆ కొండల సంగతే అడుగుతారు. మంచు ఎంత ఉంటుంది, అవతలివాళ్ళు కనపడతారా, తుపాకి పేల్చావా అని. ఇంటికి మూడు గంటల దూరంలో, మన జిల్లాలోనే చేసిన ఈ డ్యూటీ గురించి ఎవరూ అడగలేదు. అందుకని రాస్తున్నాను.

అంతకు ముందు చలికాలంలో నా భార్య పోయింది. ఇంట్లో పుస్తకాలు, నేను మిగిలాం. పుస్తకం తెరిస్తే చదివిన పేజీయే మళ్ళీ చదువుతున్నాను. మాజీ సైనికులను ఏడాది ఒప్పందం మీద పోలీసు పికెట్లకు తీసుకుంటున్నారని తెలిసి పేరిచ్చాను. లింకుల పని తెలిసినవాడు కావాలన్నారు.

ఆదేశం చిన్నది. రెండేళ్ళ కిందట పంచాయతీ గొడవల్లో ఊరు విడిచిపోయిన కుటుంబాలు తిరిగి వస్తాయి. అవి కుదురుకునేదాకా ఊళ్ళో పికెట్ ఉంటుంది. ఈలోగా ఊళ్ళో కెమెరాలు పెట్టాలి, వాటి బొమ్మ మాచర్లలో ఒక గదిలో కనపడాలి. బొమ్మ నిలకడగా వస్తే పికెట్ ఎత్తేస్తారు. మనుషుల బదులు కెమెరాలు కాపలా ఉంటాయి.

పాత ఎరువుల గోడౌను మా మకాం. లోపల యూరియా వాసన. నాపరాయి కప్పు మధ్యాహ్నానికి పెనంలా కాలేది. మాకు పెద్ద ఒక హెడ్ కానిస్టేబుల్. గురజాల వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నాడు. కానిస్టేబుళ్ళు వారానికొకరు మారేవాళ్ళు. కెమెరాల పనికి మాచర్ల నుంచి మస్తాన్ వచ్చాడు. వాళ్ళ నాన్నది మోటారు మెకానిక్ షెడ్డు. మస్తాన్‌కు ఇంజన్లు పట్టలేదు, టవర్లు పట్టాయి.

కేబుల్ వేయడం కుదరదు. అంతకు ముందు వేసినదాన్ని రెండు చోట్ల కోసి పడేశారు. కాబట్టి వైర్‌లెస్సే. రెండు డిష్‌లు ఒకదానికొకటి ఎదురుగా, మధ్యలో ఏ అడ్డం లేకుండా చూసుకోవాలి. ఊరికీ మాచర్లకూ మధ్య ఒక గుట్ట ఉంది. ఊళ్ళో డిష్ గుట్టను చూడాలి, గుట్ట మీద డిష్ మాచర్లను చూడాలి. గుట్ట మీదకు కరెంటు లేదు. సోలార్ పలకలు, రెండు బ్యాటరీలు, డిష్ నిలబెట్టే ఇనుప మాస్టు, సిమెంటు, నీళ్ళు, అన్నీ భుజాల మీద మోశాం. పైన రాతిలో గుంత దిగడానికి రెండు రోజులు పట్టింది. కోతులు కేబుల్ కొరక్కుండా ఇనుప గొట్టంలో దూర్చాం.

మూడో రోజు డిష్ తిప్పాం. మస్తాన్ మాస్టు మీద, నేను లాప్‌టాప్ ముందు, హెడ్ కానిస్టేబుల్ తువ్వాలు తడిపి తల మీద వేసుకుని బండ నీడలో.

"ఎంత సార్?"

"మైనస్ ఎనభై ఒకటి." ఆ అంకె సున్నాకు ఎంత దగ్గరగా వస్తే లింకు అంత గట్టిది.

"ఇప్పుడు?"

"డెబ్బై నాలుగు. ఆగు. ఎడమకి వెంట్రుకవాసి."

"ఎవరి వెంట్రుక సార్? నాకు బట్టతల."

"ఒరేయ్ మస్తానూ," హెడ్ కానిస్టేబుల్ అరిచాడు, "అక్కడేమన్నా పెళ్ళిచూపులా? ముఖాలు చూసుకుంది చాల్లే, కానీ. ఇక్కడ నేను వడియమైపోతన్నా."

"మీరు వడియమైతే మాకు కూరలోకి పనికొస్తారులే సార్."

అరవై మూడు దగ్గర బిగించమన్నాను. సాయంత్రానికి మాచర్ల గది నుంచి ఫోను వచ్చింది. ఊరి సెంటరు కనపడుతోందని, బస్‌షెల్టర్ ముందు పడుకున్న కుక్క కూడా కనపడుతోందని చెప్పారు.

కెమెరాలు మూడు. ఒకటి సెంటర్లో. ఒకటి తిరిగి వచ్చేవాళ్ళ ఇళ్ళుండే వీధిలో. మూడోది ఊరి చివర కల్లాల దగ్గర. మిరపకాయలు ఎండబోసే ఆ కల్లం ఊరందరిదీ, ప్రభుత్వ భూమి. రెండేళ్ళ కిందటి గొడవ అక్కడే మొదలైంది. ఎవరి రాశికో నిప్పు పెట్టారన్నారు, పెట్టలేదన్నారు. తెల్లారేసరికి కర్రలు లేచాయి. అందుకని ఆ స్తంభానికి పెద్ద కెమెరా పెట్టాం. అది మాచర్ల నుంచే తిప్పితే తిరుగుతుంది, దూరంలో ఉన్నది దగ్గరగా చూపిస్తుంది. దానికింద ఒక హారన్ స్పీకరు. జనం గుమికూడితే హెచ్చరించడానికి మాత్రమే దాన్ని వాడాలి. అక్కడి మాట మాచర్లకు వినపడదు. మైకు పెట్టలేదు.

జూన్ ఆఖర్లో మూడు కుటుంబాలు వచ్చాయి. రెండు లారీలు, ముందు జీపు, వెనక జీపు. ఊళ్ళో ఎవరూ బయటికి రాలేదు. తలుపులు మాత్రం మూయలేదు.

సాంబయ్య, కోటేశ్వరమ్మల ఇల్లు వీధి కెమెరాకు ఎదురుగా ఉంది. గొడవల్లో సాంబయ్య మోకాలు విరగ్గొట్టారు. అది అతుక్కుంది గాని వంగదు. రెండేళ్ళు పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర పని చేసుకు బతికారు. ఊళ్ళో ఆరెకరాలుండి అక్కడ కూలికి పోయారు. సాంబయ్యకు దగ్గు అక్కడే పట్టింది. పిల్లలు లేరు.

దిగిన మర్నాడు కోటేశ్వరమ్మ చీపురు పట్టుకుని స్తంభం కింద నిలబడింది.

"అన్నా, ఇందులో ఏం కనపడిద్ది?"

"వీధంతా."

"మాచర్లలో కూచున్నోళ్ళకా?"

"వాళ్ళకే."

"మా ముగ్గు కూడా?"

"కనపడిద్ది."

"అట్టయితే సోమరితనం కుదరదన్నమాట," అంది. లోపల సాంబయ్య దగ్గుతూ నవ్వాడు. "ఏమే, కెమెరా ఉంటే గాని నీకు బుద్ధి రాదంటావు."

ఆమె అతని వైపు చూడలేదు. నాతో అంది. "ఒక్క పంట, అన్నా. ఒక్క మిరప పంట ఆ కల్లంలో ఎండి, లారీ ఎక్కితే చాలు. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ కదిలించలేరు. ఈడ ఉన్నట్టు అయిద్ది. అది రాకపోతే మళ్ళీ బట్టీలే. ఈసారి ఆ బట్టీ దగ్గర ఈయన బతకడు."

"ముందు నారు పొయ్యనీ," అన్నాడు సాంబయ్య.

ఆగస్టులో వానలు పడ్డాయి. లింకు తెగడం మొదలైంది. మైనస్ అరవై మూడు ఉన్నది ఎనభై దాటేది. వాన వెలిశాక కూడా గంటా రెండు గంటలు బొమ్మ రాదు. నేను గోడౌను కప్పు మీదకెక్కి బైనాక్యులర్‌తో చూశాను. ఊరికీ గుట్టకూ మధ్య సుబాబుల తోట ఉంది. మేం జూన్‌లో డిష్ పెట్టినప్పుడు అది నరికి వదిలేసిన మోళ్ళు. రెండు నెలల్లో ఎగబాకి దారికి అడ్డం వచ్చింది. తడిసిన ఆకు రేడియో తరంగాలను తాగేస్తుంది.

తోట ఎవరిదని అడిగాం. పంచాయతీ ప్రెసిడెంటు గారిది. గొడవల్లో మొదటి ముద్దాయి ఆయనే. కేసు నడుస్తోంది. ఈ మూడు కుటుంబాలు ఎవరికి భయపడి ఊరు వదిలాయంటే ఆయన మనుషులకే.

"ఒప్పుకోడు," అన్నాను.

"చూద్దాం పదండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

ప్రెసిడెంటు గారు అరుగు మీద కూచోబెట్టి మజ్జిగ ఇప్పించారు. పొట్టి మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. విషయం చెప్పాం.

"మా సుబాబులు అడ్డమొచ్చిందా? ఎన్ని వరసలు కొట్టమంటారో చెప్పండి."

"మొత్తం అక్కర్లేదండీ. మధ్యలో నాలుగు వరసలు, తలలు తీస్తే చాలు."

"నాలుగెందుకు, ఆరు కొట్టిస్తా. మళ్ళా చిగురేస్తే మళ్ళా కొట్టిస్తా, మీరు వచ్చి అడగనక్కర్లేదు." నా వైపు తిరిగారు. "ఇంకో నాలుగు కెమెరాలు పెట్టండి హవల్దారు గారూ. పగలూ రాత్రీ చూడండి. మా ఊళ్ళో ఏం జరుగుద్ది గనక."

మర్నాడు మధ్యాహ్నానికి చెట్లు కొట్టించారు. లింకు మళ్ళీ అరవై మూడుకు వచ్చింది. మస్తాన్ సంతోషించాడు. నేను సంతోషించలేకపోయాను. కొండల మీద నేర్చుకున్నది ఒకటుంది. మనకు బాగా కనపడాలని అవతలివాడే అడ్డం తొలగించాడంటే, మనం చూస్తున్న చోట వాడికి పని లేదని అర్థం.

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టం, ఎందుకంటే ఏమీ జరగలేదు.

ఎవరూ ఎవరినీ కొట్టలేదు. తిట్టలేదు. కోటేశ్వరమ్మ పిండిమరకు పోతే మర అతను, "కరెంటు లేదక్కా," అనేవాడు. మర్యాదగానే అనేవాడు. నేను లాప్‌టాప్‌లో సెంటర్ కెమెరా బొమ్మ చూస్తే పక్క కొట్లో ఫ్యాను తిరుగుతూ ఉండేది. మంగలి సాంబయ్య ఇంటికి రేపు వస్తానన్నాడు. మూడు వారాలు రేపు రేపు అంటూనే ఉన్నాడు. పాలు అయిపోయేవి. ట్రాక్టరు రిపేరులో ఉండేది. కోటేశ్వరమ్మ బోరింగు దగ్గరికి వెళ్తే అక్కడి ఆడవాళ్ళు బిందెలు జరిపి దారిచ్చేవాళ్ళు. మాట మాత్రం ఉండదు. ఆమె నీళ్ళు పట్టుకుని కదిలాక మళ్ళీ మాట్లాడుకునేవాళ్ళు.

ఒకరోజు హెడ్ కానిస్టేబుల్ ఆమె జొన్నల సంచి తనే భుజానేసుకుని మరకు వెళ్ళాడు. ఆ రోజు కరెంటు ఉంది. పిండి మోసుకొచ్చి ఆమె గుమ్మంలో దించాడు.

"రోజూ మీరే మోస్తారా హెడ్డుగారూ?" అంది కోటేశ్వరమ్మ.

"మోస్తానమ్మా. పెన్షన్ వచ్చేదాకా మోస్తా. వచ్చినాక ఖాళీనే గదా, అప్పుడూ మోస్తా."

ఆమె నవ్వింది. గోడౌనుకు వచ్చాక అతను చొక్కా విప్పి పిండి దులిపి నన్ను అడిగాడు. "దీనికి ఏ సెక్షన్ పెట్టాలయ్యా? ముప్పై నాలుగేళ్ళ సర్వీసు నాది. పలకరించకపోవడం ఏ చట్టంలో నేరమో నాకు కనపడలా."

నేను రోజూ సాయంత్రం ఆరింటికి మాచర్లకు రిపోర్టు పంపేవాణ్ణి. ఏమీ జరగకపోతే సంఘటనలు అనే గడిలో నిల్ అని రాయాలి. కిందనున్న ఖాళీలో పిండిమర సంగతి రాసి పంపాను. పైనుంచి ఫోను వచ్చింది. అవి సంఘటనలు కావు, రిపోర్టులో సంఘటనలే రాయండి అన్నారు. కోపంగా అనలేదు. వాళ్ళ చేతిలోనూ దానికి మందు లేదు.

దసరా తర్వాత ఒక కుటుంబం వెళ్ళిపోయింది. దీపావళికి రెండోది. తమ ఇష్టంతోనే వెళ్తున్నామని చెప్పారు. సాంబయ్య, కోటేశ్వరమ్మ ఉండిపోయారు. వాళ్ళ మిరప తోట బాగుంది. వంగని మోకాలితో అతను పీట వేసుకు కూచుని కలుపు తీసేవాడు, పీట జరుపుకుంటూ సాలు చివరిదాకా వెళ్ళేవాడు. మందు కొట్టే పంపు ఆమె మోసేది.

జనవరి ఆఖర్లో పికెట్ ఎత్తేశారు. ఏడు నెలలుగా ఊళ్ళో గొడవ లేదు, బొమ్మ నిలకడగా వస్తోంది. కాయితం ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ లేదు. హెడ్ కానిస్టేబుల్ వెళ్ళే ముందు సాంబయ్య ఇంటికి పోయి తన నంబరు ఇచ్చి వచ్చాడు. నన్ను మాచర్ల గదికి పంపారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరుదాకా డ్యూటీ.

మేడ మీద గది. ఏసీ ఉంది. గోడకు తెరలు. ఇంకా చాలా ఊళ్ళ బొమ్మలు వచ్చేవి. పక్క కుర్చీలో ఒక ఆపరేటరు ఉండేది, కంప్యూటర్ చదివిన అమ్మాయి, పనిమంతురాలు. నేను ఎక్కువ ఆ ఊరే చూసేవాణ్ణి. ఆ అమ్మాయి ఒకసారి అంది, "మీరు సినిమా చూసినట్టు చూస్తారు సార్, మధ్యలో లేవకుండా."

ఫిబ్రవరిలో మిరప కోతలు. ఊరి ఆడకూలీల ముఠాలు ఏవీ కోటేశ్వరమ్మ తోటకు రాలేదు. మేస్త్రి ఫోను ఎత్తలేదు. ఆమె కృష్ణ అవతల నుంచి పదిమందిని మాట్లాడుకుని తెచ్చింది. ఊళ్ళో ఎవరూ వాళ్ళకు పడుకోను చోటు ఇవ్వలేదు. ఆమె తన ఇంట్లోనే పడుకోబెట్టి వండిపెట్టింది. మూడో రోజు వాళ్ళకు ఎవరు ఏం చెప్పారో, బస్సెక్కారు. మిగతా కాయ మొగుడూ పెళ్ళాం కోశారు. చెట్టు మీద ఎక్కువ ఉండి కొంత తెల్లబడి తాలుపోయింది. అయినా ఏప్రిల్ మొదటికి కల్లంలో వాళ్ళ రాశి పడింది. అన్నిటికంటే చిన్నది, చివరిది, స్తంభానికి దగ్గరది. నేను కెమెరా తిప్పి దగ్గరగా చూశాను. మంచి రంగు. కోటేశ్వరమ్మకు ఫోను చేసి చెప్పాను.

"నీకు అక్కణ్ణించి రంగు కూడా తెలిసిందా?" అంది. చాలా రోజులకు ఆ గొంతులో హుషారు విన్నాను. "ఇంకో వారం, అన్నా. ఎండి గలగలమనాలి. లారీవాడితో మాట్లాడా. పిడుగురాళ్ళ వాడే, వస్తానన్నాడు."

నాలుగో రోజు మధ్యాహ్నం రెండున్నరకు పడమట మబ్బు పట్టింది. తెర మీద వెలుగు తగ్గింది. స్తంభం ఊగి బొమ్మ అదిరింది.

నేను పుట్టింది గురజాల దగ్గర. కల్లాల సంగతి నాకు తెలుసు. అకాల వాన వస్తే ఏ రాశి ఎవరిదని చూడరు. టార్పాలిన్ పట్ట కప్పడం ఒక్కరితో అయ్యే పని కాదు. గాలికి తెరచాపలా లేస్తుంది. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకుని పరుగెత్తాలి, ఇంకొకరు అంచుల మీద రాళ్ళు పెట్టాలి. తన రాశి కప్పుకున్నవాడు ఊపిరి తీసుకోకుండా పక్కవాడి రాశికి పోతాడు. కోర్టులో కేసులాడుకుంటున్న అన్నదమ్ములు ఒకే పట్ట చెరో కొసా లాగడం నేను చిన్నప్పుడు చూశాను. వాన వెలిశాక మళ్ళీ ఎవరి దారి వారిది. అది దయ అని ఎవరూ అనుకోరు. తడిసిన కాయ అంటే ఏమిటో అందరికీ తెలుసు, అంతే.

ఊరంతా కల్లంలోకి పరుగెత్తింది. ఒక రాశి, రెండో రాశి, మూడో రాశి. చూస్తుండగా ఎర్ర నేల నీలం పట్టలతో నిండిపోయింది. మనుషులు ఒక రాశి నుంచి ఇంకో రాశికి దూకుతున్నారు. ప్రెసిడెంటు గారు కూడా కండువా నడుముకు చుట్టి ఎవరిదో పట్ట లాగుతున్నారు.

చివరి రాశి దగ్గర ఇద్దరే ఉన్నారు. కోటేశ్వరమ్మ ఒక కొస పట్టుకుంది, సాంబయ్య రెండోది. గాలి పట్టను ఎత్తింది. సాంబయ్య పడ్డాడు. లేవడానికి చూశాడు, మోకాలు సహకరించలేదు. లేవడం మానేసి, పట్ట కొస ఎగరకుండా దాని మీద పడుకున్నాడు. అటు సగం నిలిచింది. ఆమె ఇటు కొస లాగుతోంది. రెండు మూరలు కప్పితే మూడు మూరలు లేస్తోంది. చినుకులు మొదలయ్యాయి. పెద్ద చినుకులు, వెంటనే కుండపోత.

నేను హెడ్ కానిస్టేబుల్‌కు ఫోను చేశాను. అతను వెల్దుర్తి స్టేషన్లో ఉన్నాడు. "బయల్దేరతన్నా. ఇరవై నిమిషాలు," అన్నాడు. అంతసేపు మిరపకాయ ఆగదు.

మిగతా రాశులన్నీ కప్పడం అయిపోయింది. కల్లంలో ముప్పై నలభై మంది ఖాళీ చేతులతో నిలబడి ఉన్నారు.

నేను స్పీకరు మీట నొక్కాను.

"సార్, అది దానికి కాదు," అంది ఆపరేటరు మెల్లగా.

"కల్లంలో ఉన్నవాళ్ళు వినండి. చివరి రాశి దగ్గర ఇద్దరే ఉన్నారు. ఎవరన్నా వెళ్ళి పట్ట పట్టుకోండి." ఆగి, మళ్ళీ అన్నాను. "ఎవరన్నా వెళ్ళండయ్యా. ఒక్కరు చాలు."

మాట అక్కడికి చేరి, బొమ్మ ఇక్కడికి రావడానికి రెండు సెకన్లు పడుతుంది. రెండు సెకన్ల తర్వాత అందరూ తలలెత్తి స్తంభం వైపు చూశారు. వానలో కళ్ళు చికిలించుకుని చూశారు. కోటేశ్వరమ్మ మాత్రం చూడలేదు. ఆమె వీపు వాళ్ళ వైపు ఉంది.

వాన ఇరవై నిమిషాలు కురిసింది. హెడ్ కానిస్టేబుల్ జీపు కల్లంలోకి వచ్చేసరికి వెలిసిపోతోంది. అతను దిగి పరుగెత్తుకెళ్ళి పట్ట పట్టుకున్నాడు. సాంబయ్యను లేపి జీపులో కూచోబెట్టాడు. రాశి సగం నీళ్ళలో తేలుతోంది.

సాయంత్రం పై అధికారి ఫోను చేశారు.

"కల్లంలో గొడవేమన్నా అయిందా?"

"లేదు సార్."

"వాళ్ళ రాశి కప్పకుండా ఎవరైనా అడ్డుపడ్డారా?"

"ఎవరూ అడ్డుపడలేదు."

"స్పీకరు వాడారట."

"వాడాను సార్."

"సరే. నిల్ రాయండి."

రాశాను.

తడిసిన కాయ మచ్చలు తిరిగింది. లారీ వచ్చింది గాని కాయ కోసం కాదు. వానపడిన ఆరో రోజు పొద్దున తొమ్మిదింటికి వాళ్ళ సామాను ఎక్కించుకుంది. మంచం, బీరువా, మందు కొట్టే పంపు, రెండు బస్తాల కాయ. సాంబయ్యను డ్రైవరు ఎత్తి ముందు సీట్లో కూచోబెట్టాడు. కోటేశ్వరమ్మ తాళం వేసింది. వీధి మామూలుగా ఉంది. ఒకతను పళ్ళు తోముకుంటున్నాడు. ఆ రోజు గడిలో కూడా నిల్.

నా ఒప్పందం జూన్‌లో అయిపోయింది. కిట్ అప్పగించాను. బస్సెక్కి నరసరావుపేట వచ్చాను. ఇంటి తాళం తీస్తే పుస్తకాల మీద దుమ్ము. తుడిచాను. ఎవరో అడిగారు, "ఏం బాబాయ్, డ్యూటీ ఎట్లా జరిగింది? ప్రశాంతంగానేనా?" ప్రశాంతంగానే అన్నాను.

ఆ కార్తీకంలో మస్తాన్ ఫోను చేశాడు. "సాంబయ్య పోయాడు సార్. ఊపిరితిత్తులంట. ఎల్లుండి పెద్దకర్మ."

పిడుగురాళ్ళ వెళ్ళాను. బట్టీల వెనక వరస గదులు. గోడల మీద, ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లటి పొడి. హెడ్ కానిస్టేబుల్ కూడా వచ్చాడు, యూనిఫారం లేకుండా. భోజనాలయ్యాక కోటేశ్వరమ్మ నా పక్కన గడప మీద కూచుంది.

"ఆ రోజు మైకులో అరిచింది నువ్వేగా అన్నా?"

"నేనే."

"గొంతు గుర్తుపట్టానులే." చేతులు చూసుకుంది. "ఎందుకడిగావు వాళ్ళని?"

నేను గడప మీది తెల్లటి పొడి అరచేత్తో తుడిచాను.

"నిన్ను తప్పు పట్టట్లా. నువ్వడక్కపోతే, వాన హడావిడి గదా, మమ్మల్ని చూసుకోలేదేమోలే అనుకునేదాన్ని. అనుకోడానికన్నా ఉండేది. నువ్వు అడిగినాక అదీ పోయింది. ఊరు ఊరంతా విన్నది. విని నిలబడ్డారు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళన్నా కదల్లేదు. అదే నా మనసులోంచి పోదు."

రిపోర్టులో నేను రాయనిది ఒకటుంది. రాస్తే పదిమంది చదువుతారు, ఊరికి చేరుతుంది. ఇక్కడ పైన కల్లం సంగతి చెప్పినప్పుడు కూడా రాయలేదు. ఆమెకు చెప్పాలా వద్దా అని బస్సులో వస్తూ ఆలోచించాను. ఆమె మాట విన్నాక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

"ఒకామె వచ్చిందమ్మా," అన్నాను.

"ఏందీ?"

"నీ వీపు అటుంది. నువ్వు చూడలేదు. నేను రెండోసారి అడిగినాక, వాళ్ళలోంచి ఒకామె బయటికొచ్చింది. నీ వైపు నడిచింది. సగం దూరం వచ్చింది. వెనక నుంచి ఎవరో ఏదో అన్నారు, నాకు వినపడదు గదా. ఆగిపోయింది."

"ఎవరు?"

"తెలవదు. కొంగు ముఖం మీదకుంది."

"చీర?"

చెప్పకూడదేమో అనుకున్నాను. "ఆకుపచ్చది. పసుప్పచ్చ అంచు."

కోటేశ్వరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏ పేరూ చెప్పలేదు. నేను అడగలేదు. చెయ్యి తీసి అడిగింది.

"వెనక్కి పోయిందా?"

"లేదు."

"మరి?"

"అక్కడే నిలబడింది. వాన వెలిసిందాకా."

చదివినవి మరిచిపోతున్నాను. మంచులో గడిపిన ఏళ్ళు కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఇది మాత్రం కళ్ళు మూసుకుంటే వస్తుంది. వెనక నీలం పట్టలు, ముందు సగం తడిసిన రాశి. మధ్యలో ఖాళీ నేల. కుండపోత వానలో, ఆకుపచ్చ చీరలో ఒక మనిషి. ముందుకు రాదు, వెనక్కి పోదు. రెండు చేతులూ కొంచెం ముందుకు చాచి ఉన్నాయి.